తోడు ఎవరున్నరు?

గవర్నమెంట్ ఆస్పత్రిల పేషెంట్‌ని అడ్మిట్ చేసుకునేటప్పుడు డాక్టర్ అడిగేవి వేరే ఉంటయి, నొప్పి ఎప్పటి నుంచి, షుగరుందా, బీపీ గోలీలు ఏసుకుంటున్నవా, ఇట్ల. సిస్టర్ మాత్రం కేస్ షీట్ చేతిల పట్టుకొని ముందుగాల ఒక్కటే అడుగుతది, "తోడు ఎవరున్నరు?" అని. స్కానింగ్ కాడికి స్ట్రెచర్ తోయాలన్నా, రక్తం శాంపిల్ ల్యాబుల ఇచ్చి రావాలన్నా, సెలైన్ అయిపోవస్తుందని చెప్పాలన్నా, మూత్రం సంచి నిండిందా లేదా చూడాలన్నా పేషెంట్ తరఫు మనిషి ఒకరు ఉండాల్సిందే. దీన్ని ఎవరి తప్పనీ నేను అంటలేను, మన దగ్గర పెద్దాస్పత్రులన్నీ ఆ లెక్క మీదనే నడుస్తున్నయ్, ఇంటి మనిషి అంటే జీతం లేని స్టాఫు. మరి ఆ ఇంటి మనిషే లేకపోతే?

నాది ఆస్పత్రి దగ్గర్ల చిన్న జిరాక్స్ షాపు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాత రిపోర్టులు పట్టుకొచ్చి "రెండు సెట్లు కొట్టన్నా" అనేటోళ్లతోనే నా రోజు గడుస్తది. మనిషి మొకం చూడాల్సిన పని లేదు, కాయితాలు తెచ్చిన తీరు చూస్తే తెలిసిపోతది. ప్లాస్టిక్ కవర్ల పెట్టి తారీఖు ప్రకారం వరుసగ తెచ్చినోళ్ల ఎనక చదువుకున్న బిడ్డనో కొడుకో ఉన్నట్టు. కొంగుల మూటగట్టి తెచ్చి కౌంటర్ మీద మొత్తం కుమ్మరించి "ఏది గావాల్నో నువ్వే తీసుకో నాయినా, నాకేమెరుక" అనే పెద్దమ్మ ఎనక ఎవ్వరూ లేనట్టు. మా పాలమూరుల, అంటే మహబూబ్‌నగర్ల, రెండో రకం ఎక్కువ.

ఎందుకు ఎక్కువో ఇక్కడోళ్లకు చెప్పే పని లేదు కానీ వేరే జిల్లాల నుంచి చదివేటోళ్ల కోసం చెప్తున్న. దేశంల ఎక్కడ డ్యామ్ కట్టినా కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటదని తాతల కాలం నుంచి మాకు పేరు. ఇప్పుడు డ్యాములు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చినయ్, హైదరాబాద్, ముంబై, పుణె. నారాయణపేట దిక్కు, మక్తల్ దిక్కు, కోస్గి, కొడంగల్ దిక్కు తండాలల్ల చూడండి, వయసు పిల్లలు పండుగకు తప్ప కనబడరు. కోయిల్‌సాగర్, భీమా, కల్వకుర్తి లిఫ్టుల నీళ్లొచ్చిన ఊర్లల్ల వలస తగ్గిన మాట నిజమే, అది కూడా చెప్పాలె, కానీ నీళ్లు రాని ఊర్లు ఇంకా ఉన్నయ్. పోయేటప్పుడు గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకొని పోతరు, ఆ పైసలు చెల్లేదాకా మధ్యల వదిలిపెట్టి వచ్చుడు అంత ఈజీ కాదు, వచ్చినా ఎనకకు పోయేసరికి ఆ పని ఇంకొకరు పట్టుకుంటరు. అంటే ఇక్కడ నాయిన బాత్రూముల జారిపడి తుంటి బొక్క ఇరిగి మంచం మీద ఉంటే అక్కడ కొడుకు ఇరవై అంతస్తుల మీద సెంట్రింగ్ కొడుతుంటడు, ఫోన్‌ల ఏడుస్తడు, "అన్నా నాలుగు దినాలల్ల వస్త, అప్పటిదాకా జర చూడున్రి" అంటడు. దాన్ని నిర్లక్ష్యం అనేటోళ్లు ఆ కొడుకు గొంతు ఒక్కసారి విననీకి నా షాపుకు రావాలె.

బైబిల్ల యోహాను సువార్త అయిదో అధ్యాయంల బేతెస్ద కోనేరు సంగతి ఉంటది కదా. అయిదు మంటపాలు, వాటి కింద గుడ్డోళ్లు, కుంటోళ్లు, కాళ్లూ చేతులూ పడిపోయినోళ్లు, ముప్పై ఎనిమిది ఏండ్ల నుంచి పడి ఉన్న ఒక మనిషి. నేను చిన్నప్పటి నుంచి ఆ భాగం మీద ఎన్ని ప్రసంగాలు విన్ననో, అన్నిట్ల యేసు "లే, నీ పరుపెత్తుకొని నడువు" అన్న మాట మీదనే జోరు ఉంటది. కానీ అంతకు ముందు ఆ రోగి ఏమన్నడు? స్వస్థపడాలని ఉందా అని అడిగితే ఉందనీ లేదనీ అనలె. "నాకు ఎవడును లేడు" అన్నడు. నీళ్లు కదిలినప్పుడు ముందు దిగినోడికి బాగైతదని నమ్మకం, దించేటందుకు మనిషి లేడు, నేను పాకుకుంట పోయేసరికి ఇంకొకడు దిగుతున్నడు, అదీ ఆయన బాధ. రోగం గురించి ఒక్క ముక్క చెప్పలె, తోడు లేదని చెప్పిండు. వార్డుల మంచాల నడుమ నిలబడి ఆ వాక్యం తలుచుకుంటే ఆ మంటపాలు యెరూషలేముల కాదు మా ఊర్లనే ఉన్నట్టు అనిపిస్తది.

మేం చేసేది పెద్ద పనేం కాదు. మా చర్చిల కొంతమంది అక్కలు, ఇద్దరు ముగ్గురు రిటైరైన సార్లు, కొందరు యూత్ పిల్లలు, నేను, మా ఇంటామె. దీనికి పేరు లేదు, బ్యానర్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది అంతే. తోడు లేని పేషెంట్ ఉన్నరని సిస్టర్ దగ్గర నుంచో, పేషెంట్ కేర్ అమ్మ దగ్గర నుంచో ఫోనొస్తే ఎవరికి వీలైతే వాళ్లు పోయి కూసుంటరు. పొద్దుగాల ఒకరు, మాపటీలి ఒకరు. ఊర్ల నుంచి వచ్చే అక్కలకు 2023 డిసెంబర్ల ఆడోళ్లకు ఫ్రీ బస్సు వచ్చినంక మస్తు ఆసరా అయింది, జీరో టికెట్ మీద దేవరకద్ర నుంచి ఒకామె, భూత్పూర్ నుంచి ఇంకొకామె వచ్చి పోతుంటరు. సర్కారు స్కీమ్ మీద దేవుని పని నడుస్తుందని మా పెద్దసారు జోక్ చేస్తుంటడు, మరి నడవొద్దా ఏంది.

వార్డుల సేవ అంటే పండ్లు పంచి ఫోటో దిగుడు అనుకునేటోళ్ల కోసం ఒక్క పని మాత్రం వివరంగ చెప్త. పక్షవాతం వచ్చి ఒక దిక్కు పడిపోయిన మనిషిని, తుంటి ఇరిగి కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలె. తిప్పకపోతే నడుం కింద బొక్క దగ్గర, మడమల దగ్గర, తుంటి మీద చర్మం ఎర్రగైతది, వేలితోటి నొక్కినా ఆ ఎరుపు పోకుంటే పుండు మొదలైనట్టే, ఆ తర్వాత అది లోపలికి తింటనే పోతది. ఒక్కరే తిప్పాలంటే కాదు, చెయ్యి పట్టి గుంజితే భుజం జారుతది. మాకు ఒక సీనియర్ సిస్టర్ నేర్పించింది. పాత కాటన్ చీరను నాలుగు మడతలు పెట్టి మనిషి నడుం కింద నుంచి భుజాల దాకా పరవాలె, రెండు దిక్కుల ఇద్దరు నిలబడి చీర అంచులు మనిషికి దగ్గరగ చుట్టి పట్టుకోవాలె, "ఒకటి, రెండు, మూడు" అని పేషెంట్‌కు వినబడేటట్టు చెప్పి ఒక్కసారే లేపి జరపాలె, ఎనక వీపుకు ఒక మెత్త, మోకాళ్ల నడుమ ఇంకొకటి. మడమలు పరుపుకు తగలకుండ పిక్కల కింద బట్ట చుట్ట. ఎర్రగైన చోట నూనె పెట్టి రుద్దొద్దు, మన ఇండ్లల్ల అందరూ చేసేది అదే, రుద్దితే ఇంకా చెడుతదంట. గంజి తాపేటప్పుడు పండుకోబెట్టి తాపొద్దు, తల దిక్కు లేపి కూసున్నట్టు చేసి, గదుమ కొంచెం కిందికి ఉంచి, చెంచా చెంచా, మింగిండా లేదా గొంతు చూసి ఇంకో చెంచా. తొందరపడితే గంజి ఊపిరితిత్తులల్లకు పోతది. ఒక గిన్నెడు గంజి తాపనీకి ఒక్కోసారి ముప్పావు గంట పడుతది. నిజం చెప్పాలంటే నాకు ప్రార్థన చేసేటప్పుడు ఇంత ఏకాగ్రత ఉండదు, గంజి తాపేటప్పుడు ఉంటది.

ఒకసారి బస్టాండ్ల పడిపోతే 108 ల తెచ్చిన ఒక పెద్దమనిషి ఉండె. కేస్ షీట్ మీద పేరు దగ్గర అన్‌నోన్ అని రాసి ఉండె. మాట పడిపోయింది, జేబుల ఒక బీడీల కట్ట, బస్సు టికెట్ తప్ప ఏం లేవు. గడ్డం పెరిగి మొకం కనబడకుండ ఉంటే మా గ్రూప్‌ల కటింగ్ షాపు తమ్ముడు ఒకడు వచ్చి నీళ్లు వెచ్చబెట్టి, సబ్బు నురగ పెట్టి, చెంప పడిపోయిన దిక్కు చర్మం చేత్తో సాగదీసుకుంట, చానా నిదానంగ గీకిండు. గీకినంక అద్దం చూపించిండు, షాపుల చూపిస్తరు కదా అట్లనే, ముందు దిక్కు, పక్క దిక్కు. ఆయన ఒక చేత్తో తన గదుమను తడుముకున్నడు. పేరైతే ఆఖరు దాకా తెల్వలె. పోలీసోళ్లు చుట్టుపక్కల స్టేషన్లకు ఫోటో పంపిన్రు, ఎవ్వరూ రాలె. పోయినంక మున్సిపాలిటీ వాళ్లే చేసిన్రు అంతా, మేం కొందరం ఎంట పోయినం. ఆయన హిందువో, ముస్లిమో, మా వాడో ఎవరికెరుక, కాబట్టి పైకి ఏ ప్రార్థనా చెయ్యలె, టోపీలు తీసి నిలబడ్డం.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్నకు వస్త. "మీరు మతం మార్చనీకే గద చేస్తున్నరు?" మొకం మీద అడిగినోళ్లు ఉన్నరు, ఎనక అన్నోళ్లు ఇంకా ఎక్కువ. నాకు కోపం రాదు, అడిగే కారణాలు కొన్ని మావోళ్లే ఇచ్చిన్రు. అందుకే మా గ్రూప్‌ల ఒక కట్టుబాటు పెట్టుకున్నం, వార్డుల కరపత్రాలు పంచొద్దు, బైబిల్ చేతిల పట్టుకొని పోవొద్దు, వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప పైకి ప్రార్థన చెయ్యొద్దు. మనసుల ఎంతైనా చేసుకో, ఎవరు వద్దన్నరు. దీని మీద మా చర్చిలనే పెద్ద లొల్లి అయింది, "సువార్త చెప్పకుండ సేవ ఏంది, అది ఎన్జీవో పని" అని ఒకాయన కమిటీల లేచి కూసున్నడు.

అప్పుడు మా రిటైర్డ్ సారు ఒంగోలు సంగతి చెప్పిండు. జాన్ క్లౌ అని అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ, 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు ఒంగోలు దిక్కు ఉండె. కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువల కొంత భాగం తవ్వే కాంట్రాక్టు ఆయనే తీసుకొని ఆకలితో ఉన్నోళ్లకు కూలి పని ఇచ్చిండు. ఆ తర్వాత 1878 జూలై 3 నాడు ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నరు. ఆ 2,222 మా చర్చిలల్ల పిల్లగాండ్లకు కూడ నోటికొస్తది. కానీ దానికి ముందు సంగతి ఎవ్వరూ చెప్పరు, కరువు నడిచినన్ని దినాలు ఎంతమంది వచ్చి అడిగినా ఆయన బాప్తిస్మాలు ఆపేసిండు. కూలి కోసమో తిండి కోసమో వచ్చినోడు ఎవడో, నమ్మి వచ్చినోడు ఎవడో తేడా తెల్వాలంటే ముందు అన్నం సంగతి తీరిపోవాలె అని. నూట యాభై ఏండ్ల కింద ఒక తెల్లాయనకు తోచిన మర్యాద మనకు తోచకపోతే ఎట్ల అన్నడు సారు. కమిటీ సప్పుడు చెయ్యలె. ఒప్పుకున్నరని కాదు, ఎదురు చెప్పనీకి మాట దొరకలె.

మా చర్చి అంటే ఎంబీ చర్చి, మెనోనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ. దక్షిణ తెలంగాణల మా పునాది కూడ బాప్టిస్టులతోనే కలిసి ఉంది, రష్యాల పుట్టిన మెనోనైట్ అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంల నల్లగొండకు వచ్చి బాప్టిస్టు మిషన్ కిందనే పని చేసిండు. తర్వాత అమెరికా నుంచి వచ్చినోళ్లు నాగర్‌కర్నూల్, వనపర్తిల మిషన్ కాంపౌండ్లు పెట్టిన్రు, గద్వాల, మహబూబ్‌నగర్‌లవి బాప్టిస్టుల దగ్గర నుంచి తీసుకున్నరు, జడ్చర్లల ఆస్పత్రి కట్టిన్రు. మా నాయినమ్మ కాలంల కాన్పు కష్టమైతే ఎడ్లబండి కట్టుకొని జడ్చర్ల మిషన్ దవాఖానకే పోదురంట. ఆ బండ్లల్ల వచ్చినోళ్లల్ల క్రైస్తవులు ఎంతమంది, తక్కువే. గుడి మీద పేరు కన్న దవాఖాన మీద పేరే ఊర్లల్ల ఇప్పటికీ ఎక్కువ ఉంది. మా తరానికి వచ్చేసరికి చర్చి గేటు, టైల్స్, సౌండ్ సిస్టమ్ పెరిగినయ్. సౌండ్ సిస్టమ్ మీద నాకు పాత పగ ఉంది, దాని గురించి ఇంకోసారి రాస్త.

పగ అంటే గుర్తొచ్చింది, స్వస్థత సభలు. గోడల మీద పోస్టర్లు, "గుడ్డివారు చూచెదరు, కుంటివారు నడిచెదరు, రండి" అని. దేవుడు స్వస్థపరుస్తడని నేను నమ్ముత, నమ్మకపోతే ఇన్నేండ్లు చర్చిల ఎందుకుంట. కానీ గ్రౌండ్ల స్టేజీ ఏసి రోగులను అక్కడికి రమ్మనే బదులు, రోగులు పండుకొని ఉన్న చోటికే ఒక్క పూట పోవచ్చు కదా, అడ్రస్ తెల్వనిది కాదు. ఇంకో సంగతి, సభల షుగర్ గోలీలు బంద్ చేసుకున్న మనుషులు తర్వాత కాలు పుండు పట్టి వార్డుకే వస్తున్నరు, వాళ్లను తిప్పేది మళ్ల మా అక్కలే. యాకోబు పత్రికల ఉంది కదా, బట్టలు లేని, ఆ దినం తిండి లేని సహోదరునితో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి" అని చెప్పి పంపిస్తే ఏం ఫాయిదా అని. మనం దానికి మైకు కూడ పెట్టినం.

మా ఊర్ల పిల్లలమర్రి చెట్టుకు 2018 ల చెదలు పట్టినప్పుడు కొమ్మలకు సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించిన్రు, యాదికుందా? పేపర్లల్ల, టీవీలల్ల అంతా వచ్చింది, దేశం మొత్తం పాలమూరు దిక్కు చూసింది. మంచిదే, చెట్టు బతికింది, నాకు సంతోషమే. కానీ వార్డుల సెలైన్ అయిపోయి గొట్టంల రక్తం ఎనకకు ఎక్కుతుంటే చూసే మనిషి లేని మంచాలు చూసినప్పుడల్లా ఆ చెట్టు యాదికొస్తది.

ఇక ఆశ సంగతి. ఆదివారం ఆరాధనల సాక్ష్యాల టైం ఉంటది. "ప్రార్థన చేస్తే గడ్డ కరిగింది" అంటే హల్లెలూయ అని చప్పట్లు. "మా ఆయన ఇంకా అట్లనే ఉన్నడు, మాట రాలేదు, నేను రోజూ మొకం కడుగుతున్న" అని చెప్పనీకి ఎవ్వరూ లేవరు, లేస్తే విశ్వాసం తక్కువైందనుకుంటరని భయం. మా గ్రూప్‌ల ఒక అక్క అట్ల ఒకసారి లేచి చెప్పింది. భర్తకు పక్షవాతం వచ్చి ఏండ్లు అయింది, ఆమె ఆయనకు తానం చేయించి, తినబెట్టి, ఆ తర్వాత బస్సెక్కి వార్డుకు వస్తది వేరేటోళ్లకు చెయ్యనీకి. హాలంతా ఏమనాల్నో తెల్వక చూస్తుంటే పాస్టర్ అయ్యగారు మెల్లగ "ఆమేన్" అన్నడు. నాకైతే ఆ సంవత్సరం విన్న సాక్ష్యాలన్నిట్ల అదే పెద్దది. రోమీయులకు పత్రికల పౌలు రాసింది కూడ అదే కదా, కంటికి కనబడేదాని కోసం ఎవడన్నా ఎదురుచూస్తడా, కనబడనిదాని కోసమే ఓపికతో కనిపెట్టుకుంటం అని. బాగైతరని గ్యారంటీ ఉంటే ఎవరైనా వస్తరు. బాగుకాని మనిషి దగ్గరికి రేపు కూడ వస్త అని చెప్పి రేపు పోవుడు, ఆ ఒక్క పనిలనే నాకు నిరీక్షణ, అంటే ఆశ, కనబడ్డది, మిగతా దిక్కులల్ల వెతికి అలిసిపోయిన.

అట్లని అన్నీ ఏడుపు కథలే కావు. పైన చెప్పిన తుంటి బొక్క నాయిన ఉన్నడు కదా, అట్లాంటోళ్లకు ఆపరేషన్ ఆరోగ్యశ్రీ మీద అయిపోతది. ఆ స్కీమ్ 2007 ఏప్రిల్ల మొట్టమొదటగ మూడు జిల్లాలల్లనే మొదలైంది, అందుల మన మహబూబ్‌నగర్ ఒకటి, మా వలస మనుషులకు దీనంత పనికొచ్చింది ఇంకోటి లేదు. కానీ కౌంటర్ కాడ ఆరోగ్యమిత్ర ముందు నిలబడి కాయితాలు చూపెట్టేటందుకు మళ్ల మనిషే కావాలె. ఆధార్ల బాలయ్య, రేషన్ కార్డుల బాల్‌రాజ్, ఊర్ల అందరు పిలిచేది బాలిగాడు, ముగ్గురూ ఒక్కరే అని ఎవరు చెప్పాలె? ఆ పెద్దాయన మంచం మీద ఉన్నడు, కొడుకు పుణెల ఉన్నడు. (పేర్లు నేను పెట్టినవే, నిజం పేర్లు రాయను.) ఇట్లాంటి దగ్గర నా జిరాక్స్ మిషన్ పరలోకానికి పనికొస్తుందని నాకు అనిపిస్తది. కొడుకు నుంచి వాట్సాప్‌ల కార్డు ఫోటో తెప్పించి, ప్రింట్ తీసి, ఎంట పోయి నిలబడితే ఒక పూటల అయిపోయే పని, మనిషి లేకపోతే వారమైనా కాదు. ఆ నాయినకు ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకొని నాలుగు అడుగులు ఏసిండు, కొడుకు వచ్చేసరికి మంచం మీద కూసొని సిస్టర్‌తో చాయ్ కోసం కొట్లాడుతుండె. కొడుకు మా కాళ్లు మొక్కబోతే ఆపి, మళ్ల ఎప్పుడు పోతున్నవని అడిగినం. రేపు మాపటీలి బస్సు అన్నడు.

ఒక మాట చెప్పకుంటే అన్యాయమైతది. మేం రాకముందు కూడ వార్డుల తోడు లేనోళ్లను చూసింది పక్క మంచమోళ్లే. ఒక ముస్లిం అమ్మ, షోహర్‌కు (భర్తకు) డయాలసిస్ కోసం వచ్చేది, తన టిఫిన్ డబ్బాల నుంచి పక్కనున్న అన్నం తినలేని ముసలామెకు కిచిడీ మెత్తగ పిసికి పెట్టేది, రంజాన్ల తను రోజా (ఉపవాసం) ఉండి మరీ. బతుకమ్మ దినాలల్ల ఒక లంబాడా బిడ్డ తన తల్లితో పాటు ఇంకో ఇద్దరికి తలలు దువ్వి జడలు ఏసింది, పండుగ కదా అని. వాళ్లకు గ్రూపు లేదు, కట్టుబాటు లేదు, కమిటీల లొల్లి లేదు. నేను ఆకలిగొంటిని మీరు పెట్టితిరి అని ప్రభువు ఆఖరు దినం చెప్పినప్పుడు "ఎప్పుడు పెట్టినం ప్రభువా" అని ఆశ్చర్యపోయేటోళ్లల్ల ఆ అమ్మ ముందు వరుసల ఉంటదని నా గట్టి నమ్మకం, దీని మీద నాతో ఎవరన్నా వాదన పెట్టుకుంటే షాపుకు రండి, చాయ్ తాపిచ్చి వాదిస్త.

ఇప్పుడు మాకు వచ్చిన ఇబ్బంది రాత్రి డ్యూటీ. పగలు మనుషులు దొరుకుతున్నరు, ఆడోళ్ల వార్డుల రాత్రిళ్లు కూడ అక్కలు ఇద్దరిద్దరు చొప్పున సర్దుకుంటున్నరు. మగోళ్ల వార్డుల రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాకా ఎవరూ దొరకట్లే. మగోళ్లు మాటలకు ముందుంటరు, రాత్రి అనంగనే పొద్దున డ్యూటీ ఉంది, దోమలున్నయ్, నడుం నొప్పి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటల యేసు తనతో పాటు తీసుకపోయిన ముగ్గురు శిష్యులను ఏమడిగిండు? కొట్లాడమనలె, ప్రసంగం చెయ్యమనలె. ఇక్కడుండి నాతో పాటు మేలుకొని ఉండమన్నడు, అంతే. వాళ్లు ముగ్గురూ మగోళ్లే, ముగ్గురూ పండుకున్నరు. తోడు అడిగి దొరకనోళ్లల్ల మా ప్రభువు కూడ ఒకడన్నమాట, మరి ఆయన పేరు పెట్టుకున్నోళ్లం మనం, నెలకు ఒక్క రాత్రి కాదా?

వచ్చేటోళ్లకు కొన్ని జాగ్రత్తలు. క్రైస్తవులే రావాలని ఏం లేదు. సిస్టర్‌కు చెప్పి పేరు రాయించుకొని లోపలికి పోవాలె, మాస్క్ పెట్టుకోవాలె, టీబీ వార్డుకు కొత్తోళ్లను పంపం. మందులు మన చేతితోటి ఇవ్వొద్దు, సెలైన్ గొట్టం ముట్టొద్దు, అయిపోవస్తే పిలవాలె అంతే. పేషెంట్ ఫోటో తియ్యొద్దు, స్టేటస్ పెట్టొద్దు, పెట్టినోళ్లను గ్రూప్ల నుంచి తీసేస్తం, ఇదివరకు తీసేసినం కూడ. ఒక పల్చటి దుప్పటి, నీళ్ల బాటిల్, ఫోన్ చార్జర్ తెచ్చుకోండి. పండ్లు తేవద్దు, ఆగస్టు పదిహేనుకు, లీడర్ల పుట్టినరోజులకు అరటిపండ్లు మస్తు వస్తయ్, సగం నల్లగై పోతున్నయ్. ఇంట్ల పాత కాటన్ చీరలు ఉంటే ఉతికి తెండి, సిల్కువి వద్దు, జారుతయ్.